బ్యాండేజీ మొలతాడు

నేను పనిచేసిన ఆస్పత్రిలో క్యాజువాలిటీ పక్క గదిలో ఒక నీలం ప్లాస్టిక్ పెట్టె ఉంటుంది. ఒంటి మీద రసాయనం పడ్డవాళ్లు వచ్చినప్పుడే దాని మూత తీస్తారు. లోపల మొండి మొనల కత్తెరలు, మందపాటి ప్లాస్టిక్ సంచులు, నంబరు బిళ్లలు, చేతి తొడుగులు, రసాయనం తగిలితే రంగు మారే కాగితాలు ఉంటాయి. వాటి పక్కన ఒక ఎర్ర మొలతాడు ఉండ కూడా ఉంటుంది. కొత్తగా చేరిన నర్సు పిల్లలు దాన్ని చూసి నవ్వుతారు. గుడి ముందు అంగట్లో కొన్నదాన్ని ఎవరో మరిచిపోయి ఇక్కడ పెట్టారనుకుంటారు. తనిఖీకి వచ్చిన ఒకాయన దాన్ని రెండు వేళ్లతో ఎత్తి పట్టుకుని, ఇది ఏ పరికరాల కిందికి వస్తుందని అడిగాడు. ప్రాణం నిలబెట్టే పరికరాల కిందికే అన్నాను. ఆయనకు నేను వేళాకోళం చేస్తున్నానేమో అని అనుమానం వచ్చింది. కొంచెం చేశాను కూడా.

మీరంతా ఇప్పుడే యూనిఫాం వేసుకున్నవాళ్లు. గుండె ఎలా ఆగుతుంది, ఊపిరి ఎలా అందించాలి, ఇవన్నీ మీకు నాకంటే బాగా నేర్పిస్తున్నారు. రోగి సామాన్ల గురించి మాత్రం ఎవరూ చెప్పరు. అది ఆయా పని అనో, సెక్యూరిటీ పని అనో అనుకుంటారు. రిటైరై ఇంట్లో కాళ్లు చాపుకుని కూర్చున్న నాకు, ఇన్నేళ్ల ఉద్యోగంలో నిద్రలో కూడా గుర్తొచ్చేది ఆపరేషన్ కాదు, ఒక మనిషి నడుముకున్న తాడు. అందుకే ఆ ఎర్ర ఉండ ఎలా వచ్చిందో చెప్తాను, వినండి.

మాది పాత వాషర్‌మెన్‌పేట. మా ముత్తాతలు ఏ ఊరి నుంచి వచ్చారో మా నాయనకే తెలియదు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, ఆస్పత్రిలో ఈ రెండూ కలిపిన ఇంగ్లీషు, ఇదీ నా భాష. ఉద్యోగం ఉత్తర చెన్నైలోనే. మనలి వైపు ఫ్యాక్టరీలు దగ్గర కాబట్టి మా ఆస్పత్రికి కాలినవాళ్లు, ఊపిరాడనివాళ్లు, మీద ఏదో ఒకటి చిమ్మినవాళ్లు వస్తూనే ఉండేవారు. క్యాజువాలిటీ ఇన్‌చార్జి సిస్టర్‌గా ఆ పెట్టె తాళం నా నడుముకే ఉండేది.

ఒంటి మీద రసాయనం ఉన్న మనిషిని నేరుగా లోపలికి తేకూడదు. తెస్తే ఆయనతో పాటు మనమూ మంచాలెక్కాలి. అంబులెన్సులు ఆగేచోట టార్పాలిన్ కట్టి, నీళ్ల పైపులు పెట్టి, బట్టలు కత్తిరించి, ఒళ్లు కడిగి, అప్పుడు తీసుకురావాలి. తలమీదుగా చొక్కా లాగితే ఆ రసాయనం కళ్లలో పడుతుంది కాబట్టి కత్తెరే వాడాలి. చదివితే ఇది ఒక్క పేరా. చేసేటప్పుడు మాత్రం మనిషిని కడగడం సులువు, మనిషిని తన సామాన్ల నుంచి విడదీయడం కష్టం అని తెలుస్తుంది. చొక్కా మీద యాసిడ్ పొగలు కక్కుతుంటే, జేబులో బీడీ కట్ట తీసి ఇవ్వమని అడిగినవాడిని చూశాను. టిఫిన్ క్యారియర్ చంకలో పెట్టుకుని, అది మాత్రం మా ఆవిడది సిస్టర్, పారేస్తే ఇంటికి రానివ్వదు అన్నవాడిని చూశాను. నవ్వొస్తుంది గాని, ఒంటి మీద బట్ట కూడా లేకుండా పదిమంది ముందు నిలబడ్డ మనిషికి ఆ టిఫిన్ క్యారియర్ ఒక్కటే తనది. దాన్ని లాక్కునేటప్పుడు కాస్త మెత్తగా లాక్కోండి.

సామాన్లకు ఒక సూత్రం పెట్టుకున్నాం. పీల్చుకునేవి, అంటే గుడ్డ, తోలు, నార, సంచిలో వేసి సీలు వేస్తాం, అవి ఇక ఇంటికి పోవు. పీల్చుకోనివి, అంటే లోహం, గాజు, కడిగి తుడిచి పారదర్శకమైన కవర్లో పెట్టి బంధువులకు ఇస్తాం. ఆ బల్ల దగ్గర సైన్యంలో పనిచేసి వచ్చిన పెద్దాయన ఉండేవాడు. ఆయన్ని అందరం హవల్దారు అనేవాళ్లం. ఉంగరం కడిగితే దానికి మళ్లీ షోరూం మెరుపు రావాల్సిందే. ఆయన బల్ల మీదికి వెళ్లిన చెవిపోగు శీల కూడా ఎప్పుడూ తప్పిపోలేదు.

ఇంకో ఇద్దరి గురించి చెప్పాలి. ఒకడు మా మేల్ నర్సు, తమిళ పిల్లాడు, నన్ను అక్కా అనేవాడు, నేను తమ్ముడూ అనేదాన్ని. ఏనుగునైనా ఒంటిచేత్తో మంచమెక్కించగల మనిషి. రెండో ఆమె హిమాచల్ నుంచి కొత్తగా వచ్చిన డాక్టరమ్మ. తమిళంలో ఆమెకు వచ్చిన ప్రశ్నలు రెండే. రోగిని "ఎంగే వలిక్కుదు?" అని అడిగేది, అంటే ఎక్కడ నొప్పి అని. మిగతా లోకాన్నంతా "ఇదు ఎన్న?" అని అడిగేది, అంటే ఇదేంటి అని. క్యాంటీన్‌లో వడ దగ్గర నుంచి వార్డు తలుపుకు కట్టిన నిమ్మకాయ దాకా ఆమెకు అన్నిటి మీదా అదే ప్రశ్న. మేం ఆమె వెనకాల ఇదు ఎన్న డాక్టర్ అని నవ్వుకునేవాళ్లం.

ఆ రోజు ఎండ మండిపోతోంది. మధ్యాహ్నం భోజనాల వేళ మనలి వైపు ఒక గోడౌన్ నుంచి ఫోను వచ్చింది. ట్యాంకరు నుంచి కాస్టిక్ ద్రావణం దించుతుంటే గొట్టం పగిలి, చుట్టూ ఉన్నవాళ్ల మీద కొట్టిందట. కాస్టిక్ అంటే సబ్బుల తయారీలో వాడేది. యాసిడ్ పడితే మనిషి వెంటనే కేకపెడతాడు. కాస్టిక్ అలా కాదు, మొదట సబ్బునీళ్లలా జారుతుంది, ఏం కాలేదులే అనిపిస్తుంది, అలా అనిపిస్తూనే లోపలికి దిగిపోతుంది. దానికి మందు నీళ్లే. ధారాళంగా, ఆపకుండా, విసుగు లేకుండా నీళ్లు. ఎండాకాలం చెన్నైలో ధారాళంగా నీళ్లు పోస్తానంటే ఎవరైనా నా వైపు అదోలా చూస్తారు. మా ఆస్పత్రి ఇంజనీరు మాత్రం, సంపు అడుగంటేదాకా పొయ్యండి సిస్టర్, తర్వాతి నీళ్ల లారీ సంగతి నేను చూసుకుంటాను అన్నాడు. ఆ మాటకి ఆయనకి ఇప్పటికీ దండం పెడతాను.

వచ్చినవాళ్లలో ఎక్కువమంది సరుకు దించే కూలీలు. వాళ్లతో పాటు తెల్ల పంచె, బంగారు ఫ్రేము కళ్లద్దాలతో ఒక పెద్దమనిషి. సబ్బు సరుకుల హోల్‌సేల్ వ్యాపారి. తన సరుకు నాణ్యం తానే చూసుకోవాలని గొట్టం పక్కనే నిలబడ్డాడట. అందరికంటే ఎక్కువ ఆయన మీదే పడింది, ఛాతీ నుంచి మోకాళ్ల దాకా. తమ్ముడు పంచె కత్తిరిస్తుంటే ఆయన అడ్డుచెప్పలేదు. కుడి గుప్పిట్లో మాత్రం తాళాల గుత్తి, ఎంత అడిగినా విడవడు. తమిళంలో బతిమాలాను. ఆయన కళ్లు మూసుకుని ఏడుకొండలవాడా అని గొణిగాడు. నేను వెంటనే తెలుగులోకి మారాను.

"ఆ తాళాలు నాకియ్యన్నా. కడిగి జాగ్రత్తగా పెడతాను."

కళ్లు తెరిచాడు. "తెలుగా మా నువ్వు? ఏ వీధి?"

"పాత వాషర్‌మెన్‌పేటే. పప్పు మండీ ఎనక సందు."

"అట్లయితే మన పిల్లవే. కొట్టు తాళాలు మా, ఎవురికీ ఇయ్యొద్దు. నువ్వే పెట్టుకో."

ఒళ్లంతా మండుతున్న మనిషికి నా వీధి పేరు చాలింది. గుప్పిట విప్పాడు.

కడగడం మొదలుపెట్టాం. కాసేపటికోసారి తడి ఒంటికి రంగు కాగితం అంటించి చూస్తాం. నీలంగా మారితే కాస్టిక్ ఇంకా ఉన్నట్టు. కూలీలకు ఒక్కొక్కరికే రంగు మారడం ఆగింది. వ్యాపారి పెద్దాయనకు కూడా ఛాతీ, భుజాలు, తొడలు శుభ్రం. నడుం వెనక, తుంటి మీద మాత్రం కాగితం మళ్లీ నీలం. ఇంకా కడిగాం. రంగు మారడం ఆగినట్టే ఆగి మళ్లీ నీలం. తమ్ముడికి పంపునీళ్ల మీదే అనుమానం వచ్చి, నీళ్లకే కాగితం పెట్టి చూశాడు. నీళ్లు బాగానే ఉన్నాయి. పెద్దాయన పళ్లు కరుచుకుని, మంట తగ్గలే మా, తగ్గలే అంటున్నాడు. ఎక్కడి నుంచి వస్తోందో మాకెవరికీ అంతుపట్టలేదు.

డాక్టరమ్మ దగ్గరికొచ్చి వంగి చూసింది. ఆయన నడుం వైపు వేలు చూపించి, తనకొచ్చిన తమిళంలో అడిగింది. "ఇదు ఎన్న?"

మొలతాడు. ఎర్రది, బొటనవేలంత మందం, మూడు నాలుగు పేటలు పురి వేసి కట్టింది. దానికి ఒక చిన్న వెండి తాయెత్తు. ఆ తాడు నూనెలో నానిన ఒత్తిలా కాస్టిక్ తాగి కూర్చుని, మేం పోసిన ప్రతి చెంబు నీళ్లతోనూ కొంచెం కొంచెం వదులుతోంది.

మాకు అది కనపడలేదా అంటే, అందరికీ కనపడింది. చొక్కా తీశాం, పంచె తీశాం, వాచీ, ఉంగరం, జంధ్యం కూడా ఆయన్ని అడిగి తీశాం. దాన్ని మాత్రం వదిలేశాం. వదిలేయాలని ఎవరూ అనుకోలేదు. మా కళ్లకు అది బట్ట కాదు, నగ కాదు, అది ఒంట్లో భాగం. మగపిల్లవాడు పుట్టిన కొన్నాళ్లకే నడుముకు కడతారు. పాతబడితే మారుస్తారు, కాని ముందు కొత్తది కట్టి, ఆ తర్వాతే పాతది తీస్తారు. ఒక్క క్షణం కూడా నడుం బోసిగా ఉండకూడదు. మనిషి పోయాక, స్నానం చేయించేటప్పుడు తెంపుతారు. కొన్ని ఇళ్లల్లో పెళ్లాం పోయిన మగవాడికీ తెంపుతారు. ఎటు తిప్పి చూసినా తెగిన మొలతాడంటే చావు కబురే. తెలుగువాళ్లకీ అంతే, తమిళులకీ అంతే. అందుకే అక్కడున్న అందరి చేతులూ దాని పక్క నుంచి వెళ్లిపోయాయి. ఆ ఊరి ఆచారం తెలియని ఒక్క మనిషి, అన్నిటి మీదా అడిగే ఆ ప్రశ్న అడగబట్టి మాకు కళ్లు తెరుచుకున్నాయి. ఆ రోజు తర్వాత ఆ పేరుతో నేనెప్పుడూ నవ్వలేదు.

ఇదేంటో చెప్పాను. మరి సంచిలో ఎందుకు లేదు, వెంటనే కత్తిరించండి అంది.

తమ్ముడు కత్తెర తీశాడు. తాడు దాకా తెచ్చి ఆగిపోయాడు. "అక్కా, ప్రాణమున్న మనిషికి నేను తెంచలేను. మా నాన్నకి తెంచిన చెయ్యి ఇది" అన్నాడు తమిళంలో.

ఈలోగా పెద్దాయనకు విషయం అర్థమైంది. రెండు చేతులతో తాడును గట్టిగా పట్టుకున్నాడు.

"ఆడ కత్తెర పెట్టొద్దుమా. నేనింకా పోలేదు."

నాకు కోపం వచ్చేసింది. భయమేసినప్పుడు నాకు వచ్చేది కోపమే. "పోలేదు కాబట్టే తీస్తా ఉండాం అన్నా! తాడు పట్టుకోని కూచుంటే తోలు ఊడొస్తాది. వదులు!"

ఆయన అరవలేదు. మంటకి కళ్ల వెంట నీళ్లు కారుతున్నా, కొట్టులో బేరం కుదరనివాడితో మాట్లాడినట్టు నిదానంగా అన్నాడు. "నువ్వు తెలుగుపిల్లవే కదమ్మా, నీకు తెలీదా? ఏటేటా ఉగాదికి మా ఇంటామె తన చేత్తో కడతాది. కొత్తది ముడేసినాకనే పాతది విప్పుతాది. పెండ్లైనకాడ నుంచి ఒక్క ఏడు తప్పలే. ఉత్త నడుముతో నన్ను పండబెడతారా?"

మూఢనమ్మకం అని మీరు అనొచ్చు. అనండి, నేను వాదించను. ఆయన చేతులు బలవంతంగా విడదీయొచ్చు కూడా, తమ్ముడొక్కడు చాలు. కాని అంత కాలిన చేతుల్ని పెనుగులాడి విడదీస్తే ఆ చర్మమూ పోతుంది, మా మీద నమ్మకమూ పోతుంది. అప్పుడు నాకు ఆయన మాటల్లోనే దారి కనపడింది. ఆయన తీయొద్దనడం లేదు. ముందు కొత్తది కట్టమంటున్నాడు.

పెట్టెలోంచి బ్యాండేజీ చుట్ట తీసి పొడవుగా చింపాను. తమ్ముడిని ఒక కొస పట్టుకోమని, రెండో కొస నేను పట్టుకుని పురి పెట్టాను. డాక్టరమ్మకు సగం అర్థమైంది, సగం కాలేదు. ఎంతసేపు అని మాత్రం అడిగింది. ఇప్పుడే అన్నాను. ఆమె పైపు తన చేతిలోకి తీసుకుని, మేం పురి వేస్తున్నంతసేపూ ఆయన నడుం మీద ధార తప్పకుండా పట్టింది. నడుముకు కొంచెం పైన, కాగితం రంగు మారని చోట, తెల్లటి బ్యాండేజీ మొలతాడు కట్టి ముడి వేశాను.

"చూడన్నా, కట్టినాను. ఇదిగో ముడి."

ఆయన ఒక చెయ్యి వదిలి, వేళ్లతో ముడిని తడిమి చూసుకున్నాడు. ఎంత బిగువుగా ఉందో లాగి చూశాడు, సరుకు చూసినట్టే. తర్వాత రెండో చెయ్యి కూడా తీసేశాడు.

"ఇప్పుడు తియ్యి. ఒక్క మాటమా. తెంచినది మా ఇంటామె కంట పడకముందే నువ్వు పోయి చెప్పాల. తెగిన తాడు చూస్తే ఆమె ఇంకేం అడగదు. నేను పోయినానని ఆడనే కూలబడతాది."

"నేనే చెప్తాను. నువ్వు నిమ్మళంగా ఉండు."

తమ్ముడే తెంచాడు. తాడు కింద నడుం చుట్టూ చర్మం నానిన అటుకుల్లా తెల్లగా, మెత్తగా ఉంది. ఆ పట్టీ మేర తర్వాత చర్మం అతికించాల్సి వచ్చింది.

అప్పుడు తట్టింది నాకు. వెనక్కి తిరిగి కూలీల వైపు చూశాను. శుభ్రమయ్యారని పక్కన కూర్చోబెట్టిన అందరి నడుములకూ మొలతాళ్లు. నల్లవి, ఎర్రవి, ఒకాయనకి వెండిది. అందరికీ మళ్లీ మొదలు. బ్యాండేజీ చుట్టలు చింపడం, పురి వేయడం, కట్టడం, తెంచడం. చూస్తుండగానే టార్పాలిన్ కింద అందరికీ తెల్లటి మొలతాళ్లు వచ్చేశాయి. వాళ్లలో ఒడిశా నుంచి వచ్చిన ఒక కూలీకి అసలు మొలతాడే లేదు. అందరికీ కడుతున్నారు కాబట్టి ఇదేదో చికిత్స అనుకుని తనకూ కట్టమని నడుం చూపించాడు. కట్టాం. అంత గందరగోళంలోనూ డాక్టరమ్మ నవ్వింది. మళ్లీ బ్యాండేజీలు చింపే పని పడకూడదని ఆ తర్వాత నేనే ఆ ఎర్ర ఉండ కొని పెట్టెలో పెట్టాను.

పెద్దాయన్ని కాలిన చోటు శుభ్రం చేయడానికి మత్తిచ్చి థియేటరుకు తీసుకెళ్లారు. ఆ తాడును సంచిలో వేసి సీలు వెయ్యమని, అది ఆ ఇంటికి పోకూడదని హవల్దారుకు గట్టిగా చెప్పాను. సీలు వేయడం నా కళ్లతో చూశాను. ఆయన భార్య కోసం వరండాలోకి బయల్దేరాను కూడా. అంతలో ట్యాంకరు డ్రైవరు కంట్లో మంట అని కేకపెట్టాడు. కన్ను ముందు, కబురు తర్వాత. తాడు ఎలాగూ సంచిలో ఉంది, ఆమె కంటపడేది ఏముంది అనుకుని అతని దగ్గర ఆగాను. తాడు గురించి మేం అన్నీ ఆలోచించాం. తాయెత్తు గురించి ఎవరమూ ఆలోచించలేదు.

వెండి పీల్చుకోదు. సూత్రం ప్రకారం కడిగి ఇవ్వాలి. హవల్దారు సీలు వేసేముందే తాడు నుంచి తాయెత్తు విడదీసి, తళతళలాడేలా తోమి, కళ్లద్దాలు, వాచీ, ఉంగరం, నేను అప్పగించిన కొట్టు తాళాలతో కలిపి కవర్లో పెట్టాడు. భార్య వచ్చి పేరు చెప్పగానే, మిలిటరీ మర్యాదతో రెండు చేతులతో అందించాడు.

డ్రైవరు కన్ను కడుగుతుండగా వరండాలోంచి ఏడుపు వినిపించింది. ఆస్పత్రిలో ముప్పై రకాల ఏడుపులు వింటాం. అది మాత్రం అన్నీ అయిపోయాక ఏడ్చే ఏడుపు. తమ్ముడికి కన్ను అప్పగించి పరిగెత్తాను.

ముక్కుపుడక పెట్టుకున్న లావుపాటి పెద్దామె నేల మీద కూర్చుని ఉంది. ఒళ్లో కవరు. తాయెత్తు మాత్రం తీసి పిడికిట్లో పెట్టుకుంది. చుట్టూ బజారు జనం. ఆమె తమ్ముడు ఒక పక్క నిలబడి ఫోన్లో మాట్లాడుతున్నాడు. హవల్దారు గోడకు చేరగిలబడి ఉన్నాడు. రూలు ప్రకారమే ఇచ్చాను సిస్టర్, ఏం తప్పు జరిగింది అన్నాడు. ఆ ముఖం చూసి ఒక్క మాట అనబుద్ధి కాలేదు. నేను ఆయన స్థానంలో ఉన్నా అదే చేసి ఉండేదాన్ని.

"వదినా, అన్న బాగుండాడు, నా మాట విను" అంటూ పక్కన కూర్చున్నాను.

"బాగుంటే ఇది నా చేతికెట్లా వచ్చింది?" పిడికిలి నా ముఖం ముందు తెరిచింది. "నేను కట్టింది ఇది. తాడు తెంచకుండా ఇది ఊడి రాదు. ఆయన లేడని చెప్పను నోరు రాక ఈ పొట్లం పంపినారా?"

"అది కాదు వదినా, తాడు..."

"నువ్వేం చెప్పొద్దు. మా నాయనప్పుడూ ఇట్లనే, బాగుండాడు బాగుండాడు అని తెల్లగుడ్డలో చుట్టి ఇచ్చినారు. చెప్పేవాళ్లంతా ఇట్లనే చెప్తారు."

ఆమె తమ్ముడు ఫోను చెవి దగ్గరే పెట్టుకుని నా వైపు తిరిగాడు. "ఆస్పత్రి మాటలు మాకు తెల్సుమా. బాడీ ఎప్పుడిస్తారు, అది చెప్పండి చాలు. అక్కా, బజార్లో షట్టర్లు దించేసినారు. ఐస్ పెట్టెకు చెప్పినాను, ఇంటికాడికి వస్తా ఉండాది."

శవాన్ని ఉంచడానికి అద్దాల ఐస్ పెట్టె ఇంటి ముందుకు రావడం మా వైపు మామూలే. మా పేటలో అంబులెన్సు ఆలస్యమైనా ఐస్ పెట్టె ఆలస్యం కాదు. మరో రోజైతే ఆ మాట చెప్పి నవ్వేదాన్ని. లోపల మనిషి ఊపిరి తీస్తున్నాడు, బయట ఆయనకు పెట్టె వచ్చేస్తోంది, మధ్యలో ఈమె. ఆయన నా దగ్గర మాట తీసుకుంది సరిగ్గా ఇది జరగకూడదనే.

హవల్దారు గురించి ఇక్కడే చెప్పేస్తాను. ఆ తర్వాత ఆయన పనిచేసినన్నాళ్లూ ఎవరికీ నేరుగా కవరు ఇవ్వలేదు. ముందు మనిషి ఎలా ఉన్నాడో కనుక్కుని వచ్చేవాడు. కుర్చీ చూపించి, కూర్చోబెట్టి, మీవాడు ఇలా ఉన్నాడమ్మా అని చెప్పేవాడు. వస్తువు ఆ తర్వాతే. మీరు ఈ కథలో ఇంకేమీ గుర్తుపెట్టుకోకపోయినా ఇదొక్కటి పెట్టుకోండి. వస్తువుకు నోరుంటుంది. మనం ముందు మాట్లాడకపోతే అది మాట్లాడేస్తుంది.

"నాకు చూపించు" అంది ఆమె. "ఎట్లున్నా సరే. చూపించు."

అప్పటికే ఆయన్ని థియేటరు నుంచి మత్తు దిగేదాకా ఉంచే గదికి తెచ్చారు, అందులోకి బయటివాళ్లను రానివ్వరు. డాక్టరమ్మ దగ్గరికి వెళ్లి సంగతి చెప్పాను. తాడు లేకపోతే మనిషి లేనట్టా అని అడిగింది. మాకు అంతే అన్నాను. మత్తు డాక్టరు ఏదో అడ్డుచెప్పబోతే ఆమే ఆయనతో మాట్లాడి, తీసుకురండి, నేను పక్కనే ఉంటాను అంది.

గౌను తొడిగి, చేతులు కడిగించి, పెద్దామెను లోపలికి నడిపించాను. నా చెయ్యి పట్టుకున్న ఆమె వేళ్లు మంచుగడ్డలు. మంచం మీద పెద్దాయన ముఖం ఉబ్బి ఉంది. కళ్లు మూసి ఉన్నాయి. ముక్కూ నోరూ ఆక్సిజన్ మాస్కు కింద ఉన్నాయి. నిజం చెప్పాలంటే, తెలియనివాళ్లకు ఆ ముఖంలో ఏ ధైర్యమూ దొరకదు. చూడు వదినా, గుండె కొట్టుకుంటా ఉండాది అని మానిటర్ చూపించాను. ఆమె ఆ గీతల వైపు చూడనే లేదు. ఛాతీ లేచి పడుతోంది చూడు అన్నాను. అదీ చూడలేదు. ఊపిరి మిషనుతో కూడా ఆడుతుందని ఆమెకెవరో ఎప్పుడో చెప్పే ఉంటారు.

మంచం పక్కకు వెళ్లి, దుప్పటి కొంచెం పైకెత్తి, చెయ్యి లోపలికి పోనిచ్చింది. నేను ఆపబోయాను. డాక్టరమ్మ నా భుజం పట్టుకుని నన్నే ఆపింది. పెద్దామె చెయ్యి కట్టు మీదుగా మెల్లగా పైకి వెళ్లింది, ఒకచోట ఆగింది. అక్కడ ఏదో తగిలినట్టు వేళ్లు వెనక్కి, ముందుకు కదిలాయి. వంగి చూసింది. తెల్లటి పురి, నేను వేసిన ముడి.

ఆయన వైపే చూస్తూ అడిగింది.

"ఇది ఎవురు కట్టినారు?"

"నేనే వదినా."

"పాతది తీసినాక కట్టినావా? తీయకముందా?"

"ముందే వదినా. ఇది ముడేసినాకనే అది తెంచినాం. అన్నే పట్టుబట్టి కట్టించుకున్నాడు."

ఆమె అప్పుడు ఊపిరి వదిలింది. ఆయన పాదం పట్టుకుని, మొండోడు, మొండోడు అనుకుంటూ ఏడ్చింది. ఈ ఏడుపు వేరు. దీన్ని ఆపాల్సిన పని లేదు. డాక్టరమ్మ కూడా కళ్లు తుడుచుకుంటోంది. ఆమెకు తెలుగు ఒక్క ముక్క రాదు.

బయటికి వచ్చేసరికి ఆమె తమ్ముడు ఇంకా ఫోన్లోనే ఉన్నాడు, ఐస్ పెట్టెవాడికి ఇంటి గుర్తులు చెబుతున్నాడు. పెద్దామె తిన్నగా వెళ్లి ఫోను పట్టుకున్న అతని చెయ్యి పట్టి లాగింది.

"ఆ పెట్టె ఎనక్కి తోలమని చెప్పు. షట్టర్లు ఎత్తమను. మీ బావ ఉండాడు."